స్పోర్ట్‌బైకుల పక్కన ఇంట్రూడర్: తాడ్వాయి అడవి నుంచి మహబూబ్ ఘాట్ దాకా

శుక్రవారం: హన్మకొండ, రామప్ప, తాడ్వాయి

సుజుకి ఇంట్రూడర్ ఎం1800ఆర్‌కు ఉన్నవి రెండే సిలిండర్లు. ఇంజన్ మాత్రం 1783 సీసీ. ఒక్కో పిస్టన్ అడ్డకొలత 112 మిల్లీమీటర్లు. పెట్రోలు, ఆయిలు నింపి నిలబెడితే బండి 347 కిలోలు తూగుతుంది. వెనక టైరు వెడల్పు 240 మిల్లీమీటర్లు. మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లకు కూడా అంత టైరు ఉండదు. చైను లేదు, షాఫ్టు తిప్పుతుంది చక్రాన్ని. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఈ బండి అంటే నాకు ప్రాణం. ఇది క్రూజర్, అంటే కిందికి కూర్చుని కాళ్లు ముందుకు చాచి నడిపే బండి. ఇంతకాలం ఒంటరిగానో, ఇంకో క్రూజర్ వెంబడో తిప్పాను. తనలాంటి బండి పక్కన నడిచినప్పుడు ఏ బండి హద్దూ బయటపడదు. అందుకే ఈసారి మా బామ్మర్దిని, వాడి దోస్తును కలుపుకున్నాను. బామ్మర్దిది కవాసకి జెడ్ఎక్స్-10ఆర్, దోస్తుది హోండా సీబీఆర్650ఆర్. పది-ఆర్ బరువు 207 కిలోలు. అంటే నా బండికంటే ఇద్దరు పెద్దమనుషుల బరువు తక్కువ.

పొద్దున్నే హన్మకొండ దాటి 163వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. ఆత్మకూరు దాకా పత్తి ట్రాక్టర్లు ఎదురొస్తూనే ఉన్నాయి, అన్నీ ఎనుమాముల మార్కెట్ దిక్కే. ఆ తర్వాత దారి ఖాళీ. ఒక లారీని దాటేటప్పుడు టాప్ గేరులోనే థ్రాటిల్ తిప్పాను. ఇంజన్ గొంతు కూడా పెద్దగా మారలేదు, లారీ అద్దంలో చిన్నదైపోయింది. ములుగుకు ముందు గట్టమ్మ గుడి దగ్గర ఆగాం. మేడారం దిక్కు పోయేవాళ్లు ముందు ఈ తల్లికి మొక్కే కదులుతారు. కొబ్బరికాయ కొట్టి వస్తుంటే బామ్మర్ది అడిగాడు:

"బావా, గేరు మార్సకుండనే గట్ల ఎట్ల గుంజినవ్? నేను రెండు గేర్లు దించి ఇంజన్ లేపే లోపల్నే నువ్వు లారీ దాటినవ్."

ఇంట్రూడర్ ఇంజన్ నిమిషానికి 3200 చుట్లు (ఆర్పీఎం) తిరిగే దగ్గరే 160 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇస్తుంది. పది-ఆర్ ఇంజన్‌లో రెండు వందల గుర్రాల బలం ఉంది గానీ అది పూర్తిగా బయటికి రావాలంటే 13 వేల ఆర్పీఎం దాటాలి. పల్లెలు, ఎద్దుబండ్లు, బస్టాండ్లు ఉన్న దారిలో అక్కడిదాకా ఎవరు తిప్పుతారు? మామూలు వేగాల్లో క్రూజరే ముందుంటుంది. ఈ బండి నడిపేవాణ్ని మత్తులో ముంచేది ఇదే. బలం అంత తొందరగా, అంత తేలిగ్గా అందుతుంటే బండికి హద్దే లేదనిపిస్తుంది. ఆ హద్దు ఇంజన్‌లో లేదు, కింద ఉంది. దాన్ని చూడాలంటే మలుపులు కావాలి.

జంగాలపల్లి క్రాస్ నుంచి పాలంపేట దారి పట్టాం. ఊళ్ల మధ్య సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. అంచు పొడవునా రాళ్లు పెట్టారు, రాళ్ల వెంట పట్టాలు, వాటి కింద గింజలు. రెండు చక్రాల బండికి వడ్లు ఇసుకలాగే ప్రమాదం. గింజలు టైరు కింద జారిపోతాయి. ముగ్గురం రెండో గేరులోకి దించి, హ్యాండిల్ కదపకుండా, ముందు బ్రేకు ముట్టకుండా దాటాం. రైతు ఏడాది కష్టం మీద టైరు పోనివ్వకూడదన్నది కూడా నాకు అంతే ముఖ్యం.

రామప్ప గుడిని 1213లో కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. 2021లో యునెస్కో వారసత్వ కట్టడమైంది. కింద పునాది గుంతలో ఇసుక నింపారు, గోడలు, స్తంభాలు బరువైన రాయి, పైన శిఖరం మాత్రం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుక. ఎక్కడ బరువు ఉండాలో, ఎక్కడ ఉండకూడదో ఎనిమిది వందల ఏళ్ల కిందటే అంత స్పష్టంగా తెలిసినవాళ్లు కట్టారు. నల్లరాతి మదనికల, ఆ స్త్రీ శిల్పాల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. బామ్మర్ది వచ్చి చేయి పట్టి లాగితే గానీ కదల్లేదు.

పస్రా దాటాక అడవి మొదలైంది. 2024 ఆగస్టు 31న వచ్చిన సుడిగాలికి ఈ తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలిపోయాయి. దారికి దగ్గర్లో ఇంకా ఆ ఖాళీలు కనిపిస్తాయి. ఇక్కడి మలుపులు పొడవైనవి, సుతారమైనవి. మొదటి రెండింట్లో పది-ఆర్ వెనకే ఉన్నాను. మూడో దాంట్లో ఎడమ పాదం కింద గర్రుమని శబ్దం. ఫుట్‌పెగ్, అంటే పాదం పెట్టుకునే కడ్డీ, దాని కింద ఉండే బోల్టు తారును తాకింది. నా ముందు బామ్మర్ది బండికి వాలడానికి ఇంకా బోలెడు చోటుంది. అప్పుడు మా వేగం యాభై ఐదు.

శనివారం: మేడారం, భూపాలపల్లి, కాళేశ్వరం, మంచిర్యాల

గద్దెల దగ్గర దండం పెట్టుకున్నాం. జాతర లేని రోజుల్లో మేడారం చాలా నెమ్మదిగా ఉంటుంది. జంపన్న వాగులో ఒకరిద్దరే స్నానాలు చేస్తున్నారు.

కాల్వపల్లి మీదుగా భూపాలపల్లి దారి అక్కడక్కడా చెదిరిపోయి ఉంది. గుంత వచ్చినప్పుడల్లా వెనక షాక్ అడుగంటి నడుముకు తగిలింది. క్రూజర్ల వెనక సస్పెన్షన్‌కు కదలడానికి చోటు తక్కువ. సీటు కిందికి ఉండాలంటే ఎక్కడో ఒకచోట కోత పడాలి కదా. దానికి తోడు కాళ్లు ముందుకు చాచి కూర్చుంటాం కాబట్టి గుంత రాగానే పెగ్‌ల మీద లేచి నిలబడే వీలు లేదు. వాళ్లిద్దరూ మోకాళ్ల మీద కొద్దిగా లేచి గుంతలు దాటేశారు. కానీ భూపాలపల్లికి వచ్చేసరికి సీబీఆర్ పిల్లగాడు మణికట్లు నొక్కుకుంటున్నాడు. పైశరీరం బరువంతా చేతుల మీద పడే బండి అది.

భూపాలపల్లి నుంచి కాటారం దాకా సింగరేణి బొగ్గు లారీలు. రోడ్డు అంచున నల్లటి పొడి, మధ్యమధ్య రాలిన బొగ్గు పెళ్లలు. ఈ దారిలో నాకు బరువు లెక్క అర్థమైంది. నన్ను కూడా కలిపితే నా బండి 437 కిలోలు. బామ్మర్దితో కలిపి పది-ఆర్ 290 లోపు. ఒకే వేగంలో పోతుంటే నేను ఆపాల్సిన గతిశక్తి వాడికంటే ఒకటిన్నర రెట్లు. ఆ శక్తినంతా డిస్కులు వేడిగా మార్చి గాలిలో కలపాలి. పైగా నా బండికి ఏబీఎస్ లేదు, అంటే గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు.

కాటారం ముందు ఒక ట్రాక్టరు చేను లోంచి నేరుగా రోడ్డెక్కింది. బామ్మర్ది ముందు బ్రేకు ఒక్కటీ పిండాడు, బండి ముక్కు కిందికి దిగి ఆగిపోయింది. నేను రెండు బ్రేకులూ పట్టాను. పొడవాటి వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం), 1710 మిల్లీమీటర్లు, బరువు వెనక వైపు ఎక్కువ. కాబట్టి స్పోర్ట్‌బైక్‌లో గాలిలోకి లేచే వెనక చక్రం ఇందులో నేలను పట్టుకునే ఉంటుంది, వెనక బ్రేకు నిజంగా పని చేస్తుంది. వాడి వెనక వదిలిన దూరం మొత్తం వాడుకుని, ఇంకా కొంత మిగిలి ఉండగానే ఆగాను. ఆ దూరాన్ని పొద్దున్నుంచీ నేనే పట్టుబట్టి ఉంచుకున్నాను. బామ్మర్ది "దగ్గరికి రా బావా" అని చేయి ఊపినప్పుడల్లా తల అడ్డంగా ఊపాను. క్రూజర్ నడిపే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే: ముందున్న స్పోర్ట్‌బైక్ ఎంతలో ఆగుతుందో అంతలో మనం ఆగుతామని లెక్కేసుకోవద్దు. ఎవరి దూరం వారిది.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి ముక్తీశ్వరుడిది, ఒకటి యముడిది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట రెండు నీళ్ల రంగులూ కొంతదూరం వేరువేరుగా కనిపించాయి. ఎక్కువసేపు ఉండలేదు. మంథని, సెంటినరీ కాలనీ, గోదావరిఖని దాటి చీకటి పడే వేళకు మంచిర్యాల చేరాం.

ఆదివారం: కెరమెరి ఘాట్, ఉట్నూరు, ఇంద్రవెల్లి

ఈ యాత్ర అసలు దీని కోసమే. మంచిర్యాల నుంచి బెల్లంపల్లి మీదుగా అసిఫాబాద్ దాకా వెడల్పాటి దారి, చెప్పుకోవడానికి ఏమీ లేదు. అసిఫాబాద్ నుంచి ఉట్నూరు వైపు తిరిగాక గుట్టలు దగ్గరపడ్డాయి. 1940లో కుమ్రం భీం నేలకొరిగిన జోడేఘాట్ ఈ కెరమెరి మండలంలోనే ఉంది. జల్, జంగల్, జమీన్ అన్న మాట పుట్టిన కొండలివి. బండ్ల మోత తగ్గించుకుని గూడేలు దాటడం అందరం ముందే అనుకున్నదే.

ఘాట్ కింద టీ కొట్టు దగ్గర ముగ్గురం రోడ్డు మీద సుద్దముక్కతో లెక్క వేసుకున్నాం. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును 60 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే ఏ బండైనా దాదాపు 30 డిగ్రీలు వాలాలి. అందులో బరువు ప్రసక్తే లేదు, వేగమూ వ్యాసార్థమే. అదే మలుపులో 45 డిగ్రీలు వాలగలిగితే వేగం 80 దాకా పోతుంది. నా బండి లాంటివి 30 డిగ్రీల అటూ ఇటూ నేలకు తగులుతాయి. స్పోర్ట్‌బైక్ 45 వాలినా దానికి ఇంకా చోటుంటుంది. ఇక 15 మీటర్ల హెయిర్‌పిన్, అంటే దాదాపు వెనక్కి తిరిగే బిగువు మలుపు, తీసుకుంటే నాకు 33, వాళ్లకు 44. చూడటానికి పదకొండే కిలోమీటర్ల తేడా. కానీ ప్రతి హెయిర్‌పిన్‌లోనూ ఆ పదకొండు కలుస్తూ పోతే ఘాట్ పైకి చేరేసరికి వాళ్లు టీ తాగేసి ఉంటారు. నా 125 గుర్రాల పైచిలుకు బలం ఈ లెక్కలో ఎక్కడా లేదు.

240 టైరు ఈ లెక్కను ఇంకొంచెం కుదిస్తుంది. వెడల్పు టైరు వాలినప్పుడు నేలను తాకే చోటు మధ్య నుంచి లోపలి అంచుకు జరుగుతుంది. దాంతో అదే మలుపుకు సన్నటి టైరు బండికంటే ఇంకాస్త ఎక్కువ వాలాలి. ఆపైన ఆ టైరుకు ఎప్పుడూ నిటారుగా లేవాలనే ఉంటుంది. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి, ఇది ఏ మోటార్‌సైకిల్‌కైనా అంతే. కానీ సీబీఆర్‌లో ఒకసారి నెట్టి వదిలేస్తే బండి వాలి ఉంటుంది. ఇంట్రూడర్‌లో మలుపు అయిపోయేదాకా నెట్టిపట్టి ఉండాలి. పట్టు సడలితే బండి లేచి, రోడ్డు బయటి అంచు వైపు పోతుంది.

మొదటిసారి ఎక్కేటప్పుడు వాళ్ల వెనక పోలేదు. వాళ్లను ముందే పంపించి, నేను ఒక్కణ్నే, ఒక్కో మలుపుకూ వేగం కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఎక్కాను. మలుపుకు చాలా ముందే బ్రేకు పూర్తి చేయడం. రోడ్డు బయటి వైపు నుంచి, మన వరుస దాటకుండా, ఆలస్యంగా తిరగడం. తల, భుజాలు లోపలి అద్దం వైపు వంచడం. ఒళ్లు లోపలికి వంగితే బండి ఆ మేరకు తక్కువ వాలుతుంది. కాళ్లు ముందుకు ఉన్న బండిలో తుంటి కదపలేం కాబట్టి పైశరీరంతోనే ఆ పని చేయాలి. మలుపు బయటి దారి కనబడగానే బండిని నిటారుగా లేపి, అప్పుడు థ్రాటిల్. అక్కడ మాత్రం ఈ ఇంజన్‌కు ఎదురులేదు. రెండో గేరులో ఆ గుంజుడు వీపులో తెలుస్తుంది, కొండ ఎక్కుతున్నామన్న సంగతే బండికి తెలియదు.

పెగ్ తగిలినప్పుడు ఏం చేయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. ఫుట్‌పెగ్ మడుచుకుంటుంది, కాబట్టి ఆ శబ్దం హెచ్చరిక మాత్రమే. దాని తర్వాత తగిలేవి ఫ్రేము, సైలెన్సర్ లాంటివి, అవి మడుచుకోవు. బండి బరువు టైరు మీద నుంచి వాటి మీదికి పోతే వెనక చక్రం నేల విడుస్తుంది. శబ్దం రాగానే బెదిరి థ్రాటిల్ మూసేస్తే ఇంకా నష్టం. షాఫ్టు బండ్లలో థ్రాటిల్ మూయగానే వెనక భాగం కిందికి కూర్చుంటుంది, ఉన్న ఎత్తు కూడా తగ్గుతుంది. థ్రాటిల్‌ను ఉన్నచోటే నిలిపి, ఒళ్లు ఇంకొంచెం లోపలికి వంచి, మలుపు దాటాలి. ఎక్కుతుండగా ఎడమ వైపు చాలాసార్లు తగిలింది. ప్రతిసారీ ఇదే చేశాను, ప్రతిసారీ బండి తన గీత మీదే పోయింది.

పైన ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. సీబీఆర్ పిల్లగాడు నా టైరు దగ్గర కూర్చుని వేలు పెట్టి చూశాడు. "అన్నా, టైరు ఇంకా గింత ఒడువనే లేదు గదా!" నిజమే. వెనక టైరు రెండు అంచుల్లోనూ వెడల్పాటి పట్టీ నేలను తాకనే లేదు, కొత్తదానిలాగే మెరుస్తోంది. వాళ్ల టైర్లు అంచుదాకా గరుకుగా ఉన్నాయి. నా టైరుకు ఇంకా పట్టు ఉంది, బండికే వాలడానికి చోటు లేదు. అది చూపించి చెబితే ఇద్దరికీ అర్థమైంది, క్రూజర్‌ను తొందరపెట్టకూడదని ఎందుకంటున్నానో.

కొట్టు దగ్గర ఒక పెద్దమ్మ కుండలో అంబలి పోసి ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఎటు పోతున్నరు బిడ్డా?" అని మాత్రం అడిగింది.

జైనూరు, ఉట్నూరు దాటి ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఇంజన్లు ఆపాం. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండుల గుర్తు అది. నాగోబా కొలువున్న కేస్లాపూర్ ఇక్కడికి దగ్గరే. గుడిహత్నూర్ దగ్గర 44వ నంబరు రహదారి ఎక్కి ఆదిలాబాద్‌లో పడుకున్నాం.

సోమవారం: కుంటాల, మహబూబ్ ఘాట్, కరీంనగర్, ఇల్లు

ఆదిలాబాద్ చలి గురించి అందరికీ తెలిసిందే. సీటు మీద మంచు తడి. చల్లటి టైరు రోడ్డును పట్టదు, అందులో ఇంత వెడల్పు రబ్బరు వేడెక్కడానికి సమయం పడుతుంది. నేరడిగొండ దాకా మెత్తగా నడిపాం. కుంటాల జలపాతంలో కడెం వాగు ఈ కాలానికి కొంచెం సన్నబడింది. అయినా రాతి మెట్ల మీద పడే ఆ నీటి చప్పుడు కోసం ఎన్నిసార్లైనా మెట్లు దిగవచ్చు.

నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ పాత రోడ్డుది. నాలుగు వరసల రహదారి వచ్చాక లారీలు అటు పోవడం తగ్గింది. ఈసారి దిగడం. నన్ను ముందు పెట్టారు. దిగేటప్పుడు బరువు పూర్తిగా నా మీదికి వస్తుంది: ప్రతి మలుపుకూ కొండ 437 కిలోలను కిందికి తోస్తుంటుంది, నేను ఆపుతుండాలి. బ్రేకును పట్టే ఉంచితే డిస్కు కాలిపోతుంది, లివర్ మెత్తబడుతుంది. అందుకని రెండో గేరులోనే ఉంచి, ఇంజన్ అడ్డంతో దిగి, మలుపు ముందు మాత్రం గట్టిగా ఒకసారి బ్రేకు పట్టి వదిలాను. నా బండి లాంటి పెద్ద వీ-ట్విన్ (రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజన్)లో థ్రాటిల్ మూస్తే వచ్చే అడ్డం చాలా బలమైనది. అయితే గేరు దించేటప్పుడు క్లచ్ మెల్లగా వదలాలి, లేకపోతే వెనక చక్రం తడబడుతుంది.

వెనక వస్తున్న బామ్మర్ది కింద ఆగి హెల్మెట్ తీసి చెప్పిన మాట నాకు చాలా సంతోషమిచ్చింది. "బావా, నీ వెనక వస్తే నాకు గూడ మలుపు ముందే అగుపడ్డది. నేను రోజూ బ్రేకు మీద బ్రేకు కొట్టుకుంట దిగుత. ఇయ్యాల రెండు వేళ్లు గూడ గట్టిగ పెట్టలే."

వాడి బండి మలుపులో ఎంత వేగమైనా క్షమిస్తుంది. నా బండి క్షమించదు, కాబట్టి నేను ముందే చూడాలి, ముందే తగ్గాలి. ఆ క్రమం వాడికీ పనికొచ్చింది.

నిర్మల్‌లో పొణికి కర్ర బొమ్మలు మా అమ్మాయికి తీసుకున్నాను. సోన్ వంతెన మీద గోదావరి దాటి, ఆర్మూరు దగ్గర 63వ నంబరు రహదారి పట్టి, మెట్‌పల్లి, కోరుట్ల పసుపు చేల మధ్య నుంచి జగిత్యాల వచ్చాం. ఆ సూటి దారిలో మళ్లీ నా బండి రాజ్యం. ఎంత సుఖంగా నడిచిందంటే, వాళ్లిద్దరూ గంటకోసారి నడుము సాపుకోవడానికి ఆగుతుంటే నేను మరో వంద కిలోమీటర్లు కూర్చోగలను అనిపించింది.

కరీంనగర్‌లో టీ తాగుతూ మా ముగ్గురికీ వర్తించేలా పద్ధతులు పెట్టుకున్నాం. ఘాట్ ఎక్కేటప్పుడు స్పోర్ట్‌బైకులు ముందు పోయి పైన ఆగాలి, దిగేటప్పుడు క్రూజర్ ముందు. మలుపులో వెనకబడిన క్రూజర్ సూటి దారిలో థ్రాటిల్ తిప్పి కలుపుకోవాలని చూడొద్దు, ముందున్నవాళ్లే తగ్గాలి. వడ్లు, బొగ్గు, గేదెలు కనబడితే ముందున్నవాడు ఎడమకాలు చాచి చూపాలి.

హుజురాబాద్ దాటాక నాలుగు వరసల పనులు జరిగే చోట్ల దుమ్ము తిని, దీపాలు పెట్టే వేళకు హన్మకొండ చేరాం. మరునాడు పొద్దున బండి కడిగి ఫుట్‌పెగ్‌ల కింద చూశాను. ఎడమ బోల్టు సగానికి అరిగింది, కుడిది పైపైన గీసుకుపోయింది అంతే. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఎడమ మలుపు ఎప్పుడూ లోపలి వరుసలో, బిగువుగా వస్తుంది. కుడి మలుపుకు వెడల్పు ఎక్కువ దొరుకుతుంది. మెకానిక్ దగ్గర వెనక షాక్ ప్రీలోడ్ (స్ప్రింగు బిగింపు) పెంచించాను, వెనక భాగం కొంచెం లేస్తే వాలడానికి అంత చోటు వస్తుంది. కొత్త బోల్టులకు చెప్పాను. సంక్రాంతి పోయాక మళ్లీ కెరమెరి అంటున్నాడు బామ్మర్ది. ఈసారి ఉట్నూరు వైపు నుంచి వచ్చి దిగుదామన్నాను. పోయినసారి ఎడమకు వచ్చిన హెయిర్‌పిన్‌లన్నీ అప్పుడు కుడికి వస్తాయి.